పక్క వరస

మా బావగారికి లెక్కలంటే ప్రాణం. నాకు లెక్కలంటే ప్రాణసంకటం. ఆయన తెనాలిలో ముప్ఫయ్యేళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను గుంటూరులో కాలేజీ పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను. “మీదీ లెక్కేనోయ్ పండితా. కాకపోతే మీవాళ్ళు మూడక్షరాల దాకా లెక్కపెట్టి, గణం అయిందని చేతులు దులుపుకుంటారు” అని ఆయన నన్ను ఏడిపించని పండగ మా ఇంట్లో జరగలేదు. అలాంటి నేను, ఆయన కోసం, పంతొమ్మిది రోజులపాటు గుణకారాలు చేశాను. ఆ సంగతే చెప్పబోతున్నాను.

2021 ఏప్రిల్ 28న ఆయనకు జ్వరం తగిలింది. ఆ రోజుల్లో జ్వరం అంటే అది ఏ జ్వరమో ఎవరూ అడిగేవారు కాదు. మా అక్క మిరియాల కషాయం కాచింది, ఆవిరి పట్టించింది, మనిషిని వెనక గదిలోకి మార్చింది. వేలికి తగిలించే ఆ చిన్న పరికరం పక్కవాళ్ళింటినించి తెచ్చి రోజుకు నాలుగు సార్లు చూసేది. ఆరోనాడు, మే 3న, అందులో 89 కనిపించింది. “నాకేమీ ఆయాసం లేదే, అది చెడిపోయి ఉంటుంది” అని బావగారు వాదించారట. అక్క ఆ పరికరం తన వేలికి పెట్టుకుంది. 98. మారు మాట్లాడకుండా కారు మాట్లాడింది.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో, ఎవరెవరినో బతిమాలగా, ఆక్సిజన్ ఉన్న మంచం ఒకటి దొరికింది. అది ఎలా దొరికిందో రాస్తే అదొక సీరియల్ అవుతుంది, వదిలేద్దాం. లోపలికి మమ్మల్ని రానివ్వరు. గేటు ఎదురుగా రోడ్డు దాటితే ఒక వేపచెట్టు. దాని కింద మా బోటివాళ్ళు పాతిక ముప్ఫయి మంది. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఆసుపత్రి కాగితం చూపిస్తే పోలీసులు పోనిచ్చేవారు. అక్క మా ఇంట్లో ఉండిపోయింది. నేను పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని చెట్టు కిందికి చేరేవాణ్ణి.

లోపల ఏం జరుగుతోందో మాకు తెలిసే దారి ఒక్కటే. వార్డులో ఒక డాక్టరమ్మాయి ఉండేది. మహా ఉంటే ఇరవై ఆరేళ్ళు. ఆ అమ్మాయి ముఖం నేను ఇవాళ్టికీ ఎరగను. ఆ ముసుగుల్లో కళ్ళు మాత్రమే తెలుసు. రెండ్రోజులకొకసారి రక్తపరీక్షల కాగితాన్ని ఫోటో తీసి మా ఫోనుకు పంపేది. వీలైతే గేటు దగ్గరికొచ్చి నాలుగు ముక్కలు చెప్పేది.

ఆ మొదటి కాగితం చూసినప్పుడు, తెలుగు ఎం.ఏ. చదివినందుకు నా జన్మలో మొదటిసారి చింతించాను. తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, సీ.ఆర్.పీ., డి-డైమర్, ఫెరిటిన్, ఎల్.డి.హెచ్. – ఒక్కటీ మనది కాదు. ఇంటికి వెళ్ళగానే అక్క అడుగుతుంది, “ఏమన్నార్రా?” అని. ఆవిడకి చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి. నా ఛందస్సు నోట్సు పుస్తకం వెనకవైపు తిప్పి, స్కేలు పెట్టి గళ్ళు గీశాను. ఒక పక్క గురులఘువులు, ఇంకో పక్క బావగారి నెత్తురు.

నాకు బోధపడినంతవరకు సంగతి ఇది. ఆవగింజంత రక్తపు చుక్క, అంటే ఒక ఘన మిల్లీమీటరు, తీసుకుంటే అందులో తెల్లకణాలు నాలుగువేల నుంచి పదకొండువేల దాకా ఉండడం మామూలు. వాటిలో రకాలున్నాయి. జర్మనీ దేశంలో పాల్ ఎర్లిక్ అనే కుర్ర డాక్టరు 1879 ప్రాంతంలో రక్తానికి రంగులద్ది, ఈ కణాలు ఒక జాతివి కావనీ, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు పట్టుకుంటుందనీ చూపించాడు. పూర్వం ల్యాబులో మనిషి సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి నూరు కణాలు లెక్కించి, ఇందులో ఇది ఇన్ని, అది ఇన్ని అని శాతాలు వేసేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది. వాటిలో లింఫోసైట్లనేవి వైరస్‌ను గుర్తుపట్టి ఎదుర్కొనే జాతి. ఆరోగ్యంగా ఉన్నవాడికి నూటికి ఇరవై నుంచి నలభై. తలకాయలుగా లెక్కిస్తే వెయ్యికి పైమాట. కోవిడ్ ముదిరినవాళ్ళలో ఇవి పడిపోతాయి. కొన్ని రక్తం విడిచి ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ, కొన్ని ఆ మంటల్లో చచ్చిపోతాయనీ చెబుతారు. కారణం ఒక్కటే అని తేల్చలేదు.

సీ.ఆర్.పీ. అనేది కాలేయం తయారుచేసే ఒక మాంసకృత్తు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట లేచినా ఇది పెరుగుతుంది. మంట ఆరితే చకచకా దిగుతుంది. పందొమ్మిది గంటల్లో సగమవుతుంది. మంట ఎక్కడుందో, ఎందుకుందో మాత్రం చెప్పదు. ఊళ్ళో పొగ కనబడితే ఎవరిదో కొంప అంటుకుందని తెలుస్తుంది గాని, ఎవరిదో తెలియదు గదా.

డి-డైమర్ దగ్గర నేను తడబడ్డాను. ఈ జబ్బులో సన్నని నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. ఒళ్ళు ఆ గడ్డల్ని కరిగిస్తుంది. కరిగినప్పుడు ఊడిపడే ముక్కలే డి-డైమర్. అక్కకు ఇది ఎలా చెప్పాలా అని స్కూటరు మీద దారి పొడుగునా ఆలోచించి, చివరికి గడ్డలూ కరగడాలూ ఏవేవో చెప్పాను. ఆవిడ అంతా విని, “అంటే గుమ్మంలో పెంకులు చూసి లోపల కుండ పగిలిందని అనుకోవడం అన్నమాట” అంది. ఆ తరవాత నేను ఆ మాటే వాడుకున్నాను. గళ్ళలో ఆ వరస మీద “పెంకులు” అని రాసుకున్నాను కూడా.

మే 3న బావగారి తెల్లకణాలు 6,200. లింఫోసైట్లు 11 శాతం. సీ.ఆర్.పీ. 96. పెంకులు 640, ఆ ల్యాబు వారి హద్దు 500. మే 5న 7,400, 8 శాతం. మే 7న కాగితం వచ్చేసరికి నాకు చెట్టు కింద భూమి తిరిగినట్టయింది. లింఫోసైట్లు 5 శాతం. పదకొండు, ఎనిమిది, అయిదు! ఈ లెక్కన ఎల్లుండికి ఎంతవుతుందో నాబోటివాడు కూడా చెప్పగలడు. పెంకులు 1,450.

ఆ రాత్రి ఆ డాక్టరమ్మాయి దయతలచి రెండు నిమిషాలు వీడియోలో బావగారిని చూపించింది. ముఖాన మాస్కు, చేతికి సూది. అక్క మాట పెగలక అలా చూస్తూ కూర్చుంది. బావగారు కళ్ళతోనే నన్నడిగారు. ఏమడుగుతున్నారో నాకు తెలిసింది. రోగికి ఇలాంటివి చెప్పకూడదని బుద్ధికి తెలుసు, కాని నోరు జారింది. “అయిదు శాతం, బావగారూ” అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నా తప్పు నాకు తెలిసి నాలుక కొరుక్కున్నాను. ఆయన కళ్ళు తెరిచి, మాస్కు లోపలినుంచి ఏదో అన్నారు. డాక్టరమ్మాయి ఒంగి విని, “మొత్తం ఎంత అంటున్నారు సార్” అంది. పదకొండువేల ఎనిమిది వందలని చెప్పాను. ఆయన చెయ్యెత్తి అయిదు వేళ్ళు చూపించారు. తరవాత రెండు చేతులూ ఎత్తి, సూది గుచ్చిన చేతిలో బొటనవేలు ముడిచారు. తరవాత పిడికిలి. నాకేమీ అర్థం కాలేదు. మంచినీళ్ళు కావాలంటున్నారేమో అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు లెక్కల మాస్టారితో కాపురం చేసిన మా అక్క చప్పున అంది: “అయిదు, తొమ్మిది, సున్నా.”

అయిదొందల తొంభై. అప్పుడు మొన్నటిది గుణించి చూశాను. 7,400లో ఎనిమిది శాతం 592. అంటే శాతం కూలిపోయిందే గాని తలకాయలు తగ్గింది రెండే! మొత్తం పెరిగింది కనక వాటా తగ్గింది. పదిమంది భోజనాల పంక్తిలో మనవాళ్ళు ఇద్దరుండి, మరో పదిమంది వచ్చి కూచుంటే మనవాళ్ళు సగమైపోయారని ఏడ్చినట్టుంది నా ఏడుపు. మర్నాడు గేటు దగ్గర డాక్టరమ్మాయి విషయం విడమరిచి చెప్పింది. వాళ్ళు ఇస్తున్న స్టెరాయిడ్ మందు వల్ల న్యూట్రోఫిల్స్ గుంపుగా రక్తంలోకి వస్తాయి, మొత్తం పెరుగుతుంది. “ఆ మందు లింఫోసైట్లను కూడా కొంత తగ్గిస్తుంది సార్. అందుకే ఒక్కరోజు కాగితం చూసి మేమేమీ అనం. వరస చూస్తాం. అన్నిటికన్నా ముందు, ఆక్సిజన్ ఎంత పెడితే మనిషికి సరిపోతోందో చూస్తాం” అంది.

ఆ మందు డెక్సామెథసోన్. అరవయ్యేళ్ళ నాటి పాత మందు, చవక మందు. దీని విలువ తేలింది ఇంగ్లండులో. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వారు రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం ప్రకటించారు. వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకు దీనివల్ల మేలేమీ కనబడలేదు. ఈ చివరి వాక్యం మనవాళ్ళు చాలామంది చదవలేదు కాబోలు. ఆ వేసవిలో మా వీధిలోనే చిన్న జ్వరానికి ఎవరికివారు ఈ మాత్రలు కొనుక్కుని మింగినవాళ్ళున్నారు. అలాగే ఇంట్లో సుబ్బరంగా తిరుగుతున్నవాళ్ళు కూడా ల్యాబులకు పరుగెత్తి ఈ పరీక్షలన్నీ గుత్తగా చేయించుకుని, అంకెలు చూసుకుని జ్వరం ఎక్కువ చేసుకున్నారు. అయినా వాళ్ళననడానికి నాకేం హక్కుంది! నేను చెట్టు కింద చేసిందేమిటి?

చెట్టు కింద అంటే ఇంకో మనిషి సంగతి చెప్పాలి. ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను.

బావగారి పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. అరవయ్యారేళ్ళు. పక్క ఊళ్ళో గాజుల కొట్టు. ఆయన కొడుకు ముప్ఫయ్యేళ్ళవాడు, చెట్టు కింద నా పక్కనే కూచునేవాడు. తండ్రికి జ్వరం మావాళ్ళకంటే ఒకరోజు ముందు వచ్చింది. ఆసుపత్రిలో చేరింది ఒకేరోజున. నేను పుస్తకంలో గళ్ళు గీసుకోవడం చూసి, “మాస్టారూ, మా నాన్నవీ ఆ పక్కన వేసిపెడతారా? నాకు రాసుకునే ఓపిక లేదు” అన్నాడు. వేశాను. మే 3న ఆయన లింఫోసైట్లు 710, మావాళ్ళవి 682. మావాళ్ళకంటే నయం! సీ.ఆర్.పీ. కూడా ఎనభై ఎనిమిదే. పెంకులు మాత్రం 1,900. అప్పుడు దాని అర్థం మాకిద్దరికీ తెలియదు.

మే 7న వాళ్ళ కాగితంలో సీ.ఆర్.పీ. సగానికి పైగా తగ్గి 41కి వచ్చింది. ఆ కుర్రాడి సంతోషం చూడాలి. “తగ్గింది మాస్టారూ!” అంటూ కర్ఫ్యూలో ఎక్కడ దొరికాయో గాని ఆరు టీలు తెచ్చి అందరికీ పోశాడు. మంట తగ్గిన మాట నిజమే. మందు పనిచేసింది. కాని పెద్దాయన ఆక్సిజన్ రోజురోజుకీ పెంచుతూనే ఉన్నారు. లింఫోసైట్లు 540 నుంచి 500, అక్కణ్ణించి 480. ఒక అంకె మనకు నచ్చితే దాన్నే పట్టుకు వేలాడతాం, మిగతావి కనిపించవు. పరీక్షలో పిల్లవాడు ఒక్క తెలుగులో ఎనభై తెచ్చుకున్నాడని మురిసిపోయే తండ్రులను నేను ఎందర్ని చూడలేదు!

మే 9న బావగారివి 680. మే 11న సాయంత్రం కాగితం వచ్చింది. 12,900, ఏడు శాతం. చెట్టు మొదలుకు ఆనుకుని గుణించాను. 903. మళ్ళీ గుణించాను. 903. మొదటి రోజు నుంచి అంత అంకె లేదు. పెంకులు తొమ్మిది వందలకు దిగాయి. ఆక్సిజన్ పదిహేను లీటర్ల నుంచి ఎనిమిదికి తగ్గించారని డాక్టరమ్మాయి చెప్పింది. కాగితం చూపిస్తున్న ఫోను జేబులో పెట్టుకున్నాను. గుండె దడదడ కొట్టుకుంటోంది.

అప్పుడు ఆ కుర్రాడు వచ్చాడు. వాళ్ళ కాగితం కూడా వచ్చింది. 15,200, మూడు శాతం. నేనే గుణించి, చెయ్యి వణుకుతూ, పక్క వరసలో రాశాను. అతను ఆ అంకె చూసి కాసేపు ఊరుకున్నాడు. “మీవాళ్ళకెంత మాస్టారూ ఇవాళ?” అన్నాడు.

“అలాగే ఉన్నాయి బాబూ. అయిదొందల చిల్లర” అన్నాను.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. “మావాళ్ళకీ నాలుగొందల చిల్లరే. అయితే పెద్ద తేడా లేదన్నమాట” అన్నాడు. వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. తాగాను.

ఆ కుర్రాడి మనసు కష్టపెట్టకూడదని అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మా ఆవిడకీ అలాగే చెప్పాను. అది నిజం కాదు. నేను చెప్పింది దిష్టి భయంతో. పైకి చెబితే, అందులోనూ పరిస్థితి బాగోలేనివాడి ముందు చెబితే, మా బావగారి తొమ్మిది వందలు మళ్ళీ అయిదొందలైపోతాయని నాకు భయం వేసింది. క్లాసులో మూఢనమ్మకాల మీద గంటకొట్టేదాకా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి నేనే. పసిపిల్లకు దిష్టి తీసినందుకు మా ఆవిడతో వారంరోజులు మాట్లాడనివాణ్ణీ నేనే. ఆ సాయంత్రం నా చేతిలో ఉప్పూ మిరపకాయలూ లేవు గనక అబద్ధం ఒకటి తిప్పి పారేశాను.

ఆ మరునాటినుంచి చెట్టు కింద కూచోవడం తగ్గించాను. వెనక గేటు దగ్గర మందుల దుకాణం అరుగుంది, అక్కడ నిలబడేవాణ్ణి. 13వ తేదీన ఆ కుర్రాడు ఫోనులోనే వాళ్ళ కాగితం పంపాడు. మొత్తం 19,000, రెండు శాతం, పెంకులు 5,200. పక్క వరసలో వేశాను. అతనికి “చూశాను” అని మాత్రం జవాబిచ్చాను. 14న బావగారివి 1,320. ఆ రాత్రే పక్క మంచం పెద్దాయన పోయారు.

15 పొద్దున్న నేను వెనక గేటునుంచి వస్తుంటే అతనే ఎదురుపడ్డాడు. చేతిలో ఏవో కాగితాలు, తండ్రి చెప్పులు ఒక సంచిలో. నాకేమనాలో తోచలేదు. భాష చెప్పుకు బతికేవాడికి మాట దొరక్కపోవడం ఎంత సిగ్గో చెప్పలేను. అతనే నన్ను పలకరించాడు. “మాస్టారూ, మీవాళ్ళకెలా ఉంది?”

“పర్వాలేదు.”

“మీవాళ్ళవీ మా నాన్నలాగే ఉన్నాయన్నారుగా మొన్న. పర్వాలేదంటే ఊరుకోకండి. మేము అలాగే ఊరుకున్నాం. పెద్ద డాక్టరు రౌండుకు వచ్చే టైము కనుక్కుని ఒకసారి ఆయనతోనే మాట్లాడండి మాస్టారూ. జాగ్రత్త.”

తండ్రి శవం లోపల ఉండగా, అతను నాకు జాగ్రత్త చెప్పి వెళ్ళాడు. అప్పుడైనా నిజం చెప్పవలసింది. నిజం చెప్పడానికి అది సమయమా అని వెనకాడాను. ఆ తరవాత సమయమే రాలేదు. వాళ్ళ ఊరు తెలుసు, గాజుల కొట్టు ఎక్కడో కూడా కనుక్కోవచ్చు. ఏమని వెళ్ళను? “బాబూ, ఆరోజు మావాళ్ళవి అయిదొందలు కాదు, తొమ్మిది వందల మూడు” అని చెప్పనా?

బావగారు మే 22న ఇంటికి వచ్చారు. స్టెరాయిడ్ల వల్ల చక్కెర మూడొందలు దాటి కొన్నాళ్ళు ఇన్సులిన్ పొడుచుకున్నారు. మెట్లెక్కడానికి రెండు నెలలు పట్టింది. అదంతా మామూలే. నేను మాత్రం కాలేజీ తెరిచాక తీరిక దొరికినప్పుడల్లా ఆ గళ్ళలో ఏముందో తెలుసుకోవాలని పట్టుకున్నాను. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన సాయం చేశాడు. అప్పుడు తెలిసింది, నేను చెట్టు కింద కూచుని గీసిన ఆ రెండు వరసలను అంతకు ఏడాది ముందే చైనా వాళ్ళు గీసిపెట్టారని.

వూహాన్ నగరంలో రెండు ఆసుపత్రుల్లో, 2020 జనవరి 31 నాటికి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళూ చనిపోయినవాళ్ళూ కలిపి 191 మంది పెద్దవాళ్ళ కాగితాలు తీసి చూశారు. ఇంటికి వెళ్ళినవాళ్ళు 137. పోయినవాళ్ళు 54. ఆ మార్చిలో లాన్సెట్ అనే వైద్యపత్రికలో అది అచ్చయింది. బతికినవాళ్ళకు లింఫోసైట్లు జబ్బు మొదలైన ఏడో రోజు ప్రాంతంలో అట్టడుక్కి దిగి, ఆ తరవాత ఆసుపత్రిలో ఉండగానే మెల్లగా ఎక్కుతూ వచ్చాయి. పోయినవాళ్ళకు ఆఖరిదాకా ఎక్కలేదు. డి-డైమర్, ఫెరిటిన్, ఎల్.డి.హెచ్. వంటివి పోయినవాళ్ళలో మొదటినుంచీ ఎక్కువగా ఉండి, జబ్బు ముదిరినకొద్దీ ఇంకా పెరిగాయి. చేరిన రోజునే డి-డైమర్ మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము, మా కాగితాల లెక్కన 1,000, దాటి ఉండడం, వయస్సు ఎక్కువ కావడం – ఈ రెండూ మరణంతో ముడిపడి కనిపించాయి. మా బావగారు చేరింది 640తో, యాభై ఎనిమిదేళ్ళ వయస్సులో. పెద్దాయన 1,900తో, అరవయ్యారేళ్ళ వయస్సులో. జబ్బు మొదలైనప్పటి నుంచి చావు దాకా అక్కడ నడిమి లెక్క పద్దెనిమిదిన్నర రోజులు. పెద్దాయనది పద్దెనిమిదో రోజో పంతొమ్మిదో రోజో.

అది చదివినరోజు రాత్రి నాకు నిద్ర లేదు. అయితే ఇది కూడా ముందే రాసి ఉందన్నమాటేనా అనిపించింది. మా మిత్రుడు ఒప్పుకోలేదు. “54 మందిలో డి-డైమర్ తక్కువ ఉండి పోయినవాళ్ళుంటారు, 137 మందిలో ఎక్కువ ఉండి లేచి వెళ్ళినవాళ్ళుంటారు. గుంపుకు చెప్పిన మాట మనిషికి చెప్పలేం. అంకెలు తగ్గడం వల్ల మనిషి పోడు, మనిషి లోపల దెబ్బ తింటుంటే అంకెలు తగ్గుతాయి. అవి చూసి డాక్టర్లు ముందుగా జాగ్రత్తపడతారు, రక్తం పల్చబడే సూదులు వేస్తారు. అందుకోసం పరీక్షలు. జాతకం కోసం కాదు” అన్నాడు. మంచి మాటే. కాని ఆ కుర్రాడికి మే 11న ఎవరైనా ఆ తేడా చెప్పి ఉంటే, పెద్ద డాక్టరును పట్టుకుని ఉండేవాడేమో, వేరే ఊరు తీసుకెళ్ళి ఉండేవాడేమో అని నాకు తోచక మానలేదు. ఆ రోజుల్లో వేరే ఊళ్ళో మాత్రం మంచాలెక్కడివి? ఏమీ జరిగి ఉండేది కాదు. బహుశా. ఆ “బహుశా” నాది, మా మిత్రుడిది కాదు.

బావగారు కోలుకున్నాక నాకు ఇంకో సంగతి చెప్పారు. రక్తంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి 1925లో అమెరికాలో కనిపెట్టినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారట. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఆసుపత్రుల ల్యాబుల్లో వాడారట. తమ్ముడూ అన్నా స్ప్రూ జబ్బుతో పోతే కళ్ళారా చూసిన మనిషి ఆయన. “తెలుగువాడు రక్తాన్ని లెక్కపెట్టడం కొత్తేమీ కాదోయ్ పండితా. నువ్వేదో ఘనకార్యం చేశాననుకోకు” అన్నారు.

అలా మాటల్లోనే నా గళ్ళ పుస్తకం సంగతి వచ్చింది. అంతదాకా ఆయనకు చూపించలేదు. ఆ సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో కూచుని, కళ్ళజోడు సవరించుకుని, ఎర్ర పెన్సిలు తెప్పించుకున్నారు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. తన వరస మొదటినుంచి చివరిదాకా గుణించుకుంటూ వచ్చారు. 682 టిక్కు. 592 టిక్కు. 590 దగ్గర నవ్వి, రెండు చేతులెత్తి తొమ్మిది వేళ్ళు చూపించారు. 903. 1,320. అన్నీ సరిపోయాయి. “ఫరవాలేదు, పాసయ్యావు” అన్నారు.

తరవాత ఆయన చూపు పక్కకు జరిగింది.

“ఇదెవరిది, ఈ పక్క వరస?”

చెప్పాను. చెట్టు సంగతి, టీ సంగతి, నేనన్న అయిదొందల చిల్లర, అతను చెప్పిన జాగ్రత్త, అంతా చెప్పాను. మా ఆవిడకు కూడా చెప్పనిది ఆయనకు చెప్పాను. బావగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పెద్దాయన దగ్గు ఆయన రాత్రిళ్ళు విన్నారు. ఇద్దరి మధ్యా ఒక తెర మాత్రమే ఉండేదట.

పెన్సిలు తీసుకుని పక్క వరస కూడా మొదటినుంచి గుణించడం మొదలుపెట్టారు. 710, టిక్కు పెట్టారు. 540. 500. 480. మే 11 దగ్గర ఆగారు. 15,200లో మూడు శాతం. నేను అక్కడ 486 అని రాశాను. దాన్ని అడ్డంగా కొట్టి, పైన నెమ్మదిగా 456 అని రాశారు. మే 13వ గడిలో 380; టిక్కు పెట్టారు. ఆ కింద నేను గీసి ఉంచిన గళ్ళు ఆరేడు ఖాళీగా ఉన్నాయి. ఆయన పెన్సిలు మొన అక్కడ ఆనించి అలాగే కూచున్నారు.

లోపలినుంచి అక్క భోజనానికి రెండుసార్లు పిలిచింది.